టెన్షన్ వస్తే తినేసే అలవాటుకి నాటకం, వంట పనిచేస్తాయా? మా ఇంట్లో పనిచేశాయి

బాధేసినా, టెన్షన్ వచ్చినా చెయ్యి చిరుతిళ్ల డబ్బాలోకే వెళ్తోందని, నాటకం, వంట లాంటివాటితో ఇది తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసినదాన్ని, నా కళ్లముందు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మా అక్క కూతురు నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉండేది. మార్కులు తగ్గిన రోజు రాత్రి, అందరూ పడుకున్నాక కారప్పూస డబ్బా ఖాళీ అయ్యేది. అక్క డబ్బాలన్నీ అటకెక్కించింది. పిల్ల స్టూలేసుకుని మరీ దించుకునేది. చివరికి సెలవులకని తెనాలికి నా దగ్గరికి పంపారు.

నేను మంచీ చెడూ ఏమీ బోధించలేదు. ఒక కుర్చీలో కారప్పూస డబ్బా పెట్టి, "దీంతో మాట్లాడవే" అన్నాను. "ఏంటి పిన్నీ ఇది!" అని సిగ్గుపడింది. కాసేపటికి, "నువ్వు కనిపిస్తే నేను ఆగలేను, ఎందుకు?" అని అడిగింది దాన్ని. "సరే, ఇప్పుడు నువ్వే డబ్బావి. అక్కడ కూర్చుని జవాబు చెప్పు" అన్నాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు మార్చి, "నీకెన్ని మార్కులొచ్చాయని నేను అడగను కదా" అంది. అంతే, ఏడుపు ఆగలేదు.

ఏ డైట్ చార్టూ ఆ మాట రాబట్టలేదు. ఉదయం రెండు ఇడ్లీ, సాయంత్రం కీరా ముక్కలు అని రాసిచ్చే కాగితంలో, రాత్రి పదకొండింటికి ఆ పిల్లకి ఏమవుతోందో అడిగే గడి ఎక్కడుంది? ఒత్తిడి చాలాకాలం సాగితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి తీపి మీదకీ నూనె వంటల మీదకీ మనసు లాగుతుంది. దాన్ని తిండిపోతుతనం అనడం అన్యాయం. పెళ్లిళ్లలో కనపడగానే "ఒళ్లు చేశావే" అని, వెంటనే "ఇంకో బూరె వేసుకో" అనే చుట్టాల మీద నాకు చాలా కోపం.

ఎదురుగా కుర్చీ వేసి మాట్లాడించడం, పాత్రలు మార్చుకోవడం నేను కనిపెట్టినవి కావు. 1921లో వియన్నాలో జాకబ్ మొరెనో అనే డాక్టరు మొదలుపెట్టిన సైకోడ్రామా నుంచి, అంటే నాటకంతో మనసుకి వైద్యం చేసే పద్ధతి నుంచి వచ్చాయి.

ఇక వంట. ఇంటర్లో చేరిన దగ్గర్నుంచి "వంటింట్లో నీకేం పని, చదువుకో" అని కంచం బల్ల దగ్గరికే తెచ్చిస్తాం. పుస్తకంలో తలపెట్టి ఏం తిన్నారో తెలియకుండా తినేస్తారు. మా పిల్లకి గోంగూర కట్టలిచ్చాను. ఆకు తుంచడం, కడిగి ఆరబెట్టడం, ఎండుమిరపకాయలు, మెంతులు వేయించడం, ఆకు నూనెలో మగ్గించడం, రోట్లో నూరడం, అన్నీ తనే చేసింది. కోపమొచ్చాక నోట్లో ముద్ద పడేలోపు అంత పని ఉంటే, ఆ కోపం ఏమిటో ఆలోచించడానికి టైం దొరుకుతుంది. పొట్ట నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి కూడా కొంత సమయం పడుతుంది, ప్యాకెట్ చింపి తింటే అది అందేలోపే ప్యాకెట్ అయిపోతుంది. నూరాక వేడన్నంలో కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ, నాతో కబుర్లు చెబుతూ తింది.

తర్వాత కూడా టెస్టులు ఆగలేదు, టెన్షన్ పోలేదు. కానీ మార్కులు తగ్గితే ఇప్పుడు నాకు ఫోన్ చేస్తుంది. డబ్బాలు అటక మీద నుంచి కిందికి దిగాయి.

తిన్నది కక్కేయడం, రోజుల తరబడి పస్తులుండి ఒకేసారి విపరీతంగా తినడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. అవి లేకపోతే ఈ రాత్రే మొదలుపెట్టండి. ఇంట్లో ఒక్కరే ఉన్నా ఫరవాలేదు, అద్దం ముందు మాత్రం చేయకండి. అద్దంలో మన ఒళ్లే కనిపించి మళ్లీ ఆ దిగులే మొదలవుతుంది. కుర్చీ చాలు.