కుడి చేతి కథ రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివాను. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నువ్వు ప్రస్తావించిన ప్రతి పాట దగ్గరా ఆగి, విని, మళ్లీ ముందుకు సాగాను. అమెరికా హెవీ మెటల్ బ్యాండు మెటాలికా గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ జీవితాన్ని తెలుగులో రాయాలన్న నీ సంకల్పం నాకు ఎంతో నచ్చింది. ఆ పాటలు వింటూ పెరిగిన మన పిల్లలు హైదరాబాదులోనూ, విశాఖలోనూ, బెంగళూరు హాస్టళ్లలోనూ ఎందరో ఉన్నారు. వాళ్లకు తమ భాషలో ఈ మనిషి గురించి చదువుకునే అవకాశం దక్కాలి. కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపికగా చదువు.

నీ ప్రతిలో తల్లి మరణం ఉంది, మిత్రుడి మరణం ఉంది, కాలిన చేయి ఉంది, మద్యం ఉంది, చికిత్స ఉంది. గిటారు మాత్రం లేదు. "అద్భుతంగా వాయించాడు", "గిటారుతో నిప్పులు కురిపించాడు" అని పదకొండు చోట్ల రాశావు. ఆ వాయించడం ఎలాంటిదో ఒక్క చోటా చెప్పలేదు.

ఈ లోపం నాకు బాగా తెలుసు. ముప్పయ్యేళ్ల కిందట నేను ఒక బుర్రకథ కళాకారుడి జీవితం రాశాను. ఆయన పేదరికం, జబ్బులు, సన్మానాలు, చివరి రోజులు అన్నీ సేకరించి, రాసి, అచ్చు వేయించాను. ఆయన పక్కన పాతికేళ్లు వంత పాడిన మనిషి పుస్తకం చదివి మా ఇంటికి వచ్చాడు. "అన్నీ బాగానే రాశారండీ. ఆయన కథ చెబుతూ తంబురా ఎలా మీటేవారో, చేతి అందెలు ఎక్కడ మోగించేవారో మాత్రం ఒక్క ముక్క రాయలేదేం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. పాడుతూ వాయించే మనిషి జీవితం రాసేవాళ్లు ఆ పాడుతూ వాయించడాన్నే ముందు చూడాలని ఆ రోజు తెలుసుకున్నాను. నీకు చెప్పదలచినదీ అదే.

హెట్‌ఫీల్డ్ కుడి చేతిని చూడు. గిటారు పిక్‌తో, అంటే వేళ్ల మధ్య పట్టుకునే చిన్న బిళ్లతో, తీగను వేగంగా మీటవలసి వచ్చినప్పుడు చాలామంది ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటుతారు. అందులో శ్రమ తక్కువ. కానీ పైకి వచ్చే మీటు కొంచెం తేలిపోతుంది. ఈయన చాలాచోట్ల కిందికే మీటుతాడు. ప్రతి మీటు తర్వాత చేయి గాలిలో తిరిగి పైకి వచ్చి మళ్లీ దిగాలి, అంటే చేతికి రెట్టింపు పని. ప్రతిఫలంగా ప్రతి స్వరమూ ఒకే బరువుతో పడుతుంది. అరచేతి అంచును బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే మెట్టు) పక్కన తీగల మీద ఆనించి ఉంచడం వల్ల ఆ స్వరం మోగీ మోగకముందే ఆగిపోయి, రోకటి పోటులా వినిపిస్తుంది. 1986 మార్చిలో విడుదలైన "మాస్టర్ ఆఫ్ పపెట్స్" ఆల్బమ్ శీర్షిక గీతం ఎనిమిదిన్నర నిమిషాల పాట. మధ్యలో నెమ్మదించే భాగాన్ని పక్కన పెడితే, తాళం నిమిషానికి 200 దెబ్బలు దాటి పరుగెడుతుంది. దెబ్బకు రెండు మీట్ల చొప్పున లెక్క కట్టు. సెకనుకు దాదాపు ఏడుసార్లు ఆ చేయి దిగుతోంది. పైగా అదే సమయంలో ఆయన పాడుతున్నాడు, పాట నడక వేరు, చేతి నడక వేరు. మన బుర్రకథకుడికీ వీణ వాయిస్తూ పాడేవారికీ ఈ కష్టం తెలుసు కాబట్టి, తెలుగు పాఠకుడికి ఇది చెప్పడం నువ్వు భయపడినంత కష్టం కాదు.

ఇంకొకటి గమనించు. వినేవాళ్ల చెవి సహజంగా సోలో మీదికి, అంటే ఒక్క గిటారు ముందుకొచ్చి మోగే భాగం మీదికి పోతుంది, ఆ బ్యాండులో సోలోలు ఎక్కువగా రెండో గిటారిస్టు కర్క్ హామెట్‌వి. హెట్‌ఫీల్డ్ ప్రధానంగా రిథమ్ గిటారు మనిషి, పాట నడకను మోసేవాడు. స్టూడియోలో ఒకే భాగాన్ని తానే రెండు మూడుసార్లు, వెంట్రుకవాసి తేడా రాకుండా వాయించి, ఆ పొరలన్నీ కలిపి ఒక గోడలా నిలబెడతాడు. నా చెవికి ఆ బ్యాండుకు తాళం వేసేది డ్రమ్స్ కంటే ముందుగా ఆ కుడి చెయ్యే. నీ చెవికి అలా తోచకపోతే నీకు తోచినట్టే రాయి. కాకపోతే విన్న తర్వాతే రాయి.

ఇక బాల్యం. 1963 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని డౌనీలో పుట్టడం, తండ్రి లారీ డ్రైవరు కావడం, తల్లి ఒపెరా గాయని కావడం, పిల్లవాడు తొమ్మిదేళ్లకు పియానో ముందు కూర్చోవడం నువ్వు చక్కగా రాశావు. ఆ కుటుంబం క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖకు చెందినది; వైద్యం మీద కంటే ప్రార్థన మీద విశ్వాసం. బడిలో ఆరోగ్య పాఠం చెప్పేటప్పుడు ఆ పిల్లవాడు తరగతి బయటికి వెళ్లవలసి వచ్చేది. తల్లికి క్యాన్సర్ వచ్చినా చికిత్స చేయించుకోలేదు. ఆమె పోయేనాటికి అతనికి 16 ఏళ్లు. ఇంతవరకు బాగుంది. మరుసటి పేరాలోనే "ఆ దుఃఖమే హెవీ మెటల్‌గా బద్దలైంది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్, అమ్మా. తల్లిని అలా పోగొట్టుకున్న కోపం సూటిగా వినిపించే పాట, "ద గాడ్ దట్ ఫెయిల్డ్", 1991 ఆల్బమ్‌లో వచ్చింది. తల్లి పోయి పదేళ్లు దాటాక! తల్లిని ఉద్దేశించి మెత్తగా పాడిన "మామా సెడ్" రావడానికి ఇంకో ఐదేళ్లు, అంటే 1996 దాకా పట్టింది. నీ పుస్తకానికి బలమైన విషయం ఆ ఆలస్యంలో ఉంది. కోపం ముందు వచ్చి, బెంగ తర్వాత రావడానికి ఒక మనిషికి ఎన్నేళ్లు పట్టిందో చూపించగలిగితే, బద్దలవడాలు, పేలడాలు నీకు అవసరం ఉండవు.

క్లిఫ్ బర్టన్ మరణం దగ్గరా ఇదే తొందర కనిపించింది. కింది స్వరాలు పలికించే బాస్ గిటారు వాయించే ఇతను లాస్ ఏంజలస్‌కు రానంటే, 1983లో బ్యాండే సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తరలి వెళ్లింది; అతని విలువ పాఠకుడికి అక్కడే తెలియాలి. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు బోల్తా పడి అతను చనిపోయాడు. వయసు 24. రెండు నెలలు తిరగకుండానే అతని స్థానంలో జాసన్ న్యూస్టెడ్‌ను చేర్చుకుని వీళ్లు జపాన్ వెళ్లి వాయించారు. 1988లో వచ్చిన "అండ్ జస్టిస్ ఫర్ ఆల్" ఆల్బమ్‌లో బాస్ గిటారు దాదాపు వినిపించదు. దీనికి నువ్వు మనస్తత్వ శాస్త్రం అంతా చెప్పుకొచ్చావు. నేనైతే వినిపించేది రాసి ఊరుకుంటాను: పొడిగా, పదునుగా గిటార్లు, టకటకమని డ్రమ్స్, కింద నేల ఉండవలసిన చోట ఖాళీ. మిగిలింది పాఠకుడికి వదిలెయ్.

నీ ప్రతిలో రెండు తేదీలు వేరువేరు అధ్యాయాల్లో పడి ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూశావా? 1982 మార్చి 14న అనాహైమ్‌లో మెటాలికా తొలి ప్రదర్శన. ఆ రాత్రి హెట్‌ఫీల్డ్ గిటారు పట్టలేదు; అప్పటి గిటారిస్టు డేవ్ మస్టేన్ ఒక్కడే గిటారు వాయించాడు, ఈయన మైకు ముందు నిలబడి పాడాడు. గాయకుడిగా తన మీద తనకే నమ్మకం లేని కాలం అది. ఆ తర్వాత కూడా కొంతకాలం వేరే గాయకుడి కోసం వెతికారు. పదేళ్లు గడిచాయి. 1992 ఆగస్టు 8న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో, వేదిక మీది బాణసంచా మంటలో ఆయన ఎడమ చేయి కాలిపోయింది. సరిగ్గా 17 రోజులకు ఫీనిక్స్‌లో మళ్లీ వేదిక ఎక్కాడు. చేతికి కట్టు ఉంది. 1986లో స్కేట్‌బోర్డు మీద నుంచి పడి మణికట్టు విరిగినప్పుడు ఆదుకున్న జాన్ మార్షలే ఇప్పుడూ ఆయన గిటారు భాగాలు వాయించాడు. ఈయన మళ్లీ మైకు ముందు, గిటారు లేకుండా. ఇరవై ఏళ్ల వయసైనా రాని కుర్రవాడిగా నిలబడిన తీరులోనే, లక్షల మంది ఎరిగిన గాయకుడిగా మరోసారి నిలబడ్డాడు. ఈ రెండు రాత్రులూ నీ పుస్తకానికి రెండు స్తంభాలు కాగలవు. కాలిన చేతి గురించి నువ్వు మూడు పుటలు రాశావు. ఆ పదిహేడు రోజుల తర్వాత మనిషి ఏం చేశాడన్నది మూడు వాక్యాల్లో ముగించావు. ఆ కొలతను తిరగెయ్.

"నథింగ్ ఎల్స్ మాటర్స్" పుట్టుక నీకు తెలిసినా వాడుకోలేదు. ప్రియురాలితో ఫోన్‌లో మాట్లాడుతూ, ఒక చేతిలో ఫోన్ ఉండగా ఖాళీగా ఉన్న చేత్తో గిటారు తీగలు మీటాడు. తీగలను నొక్కడానికి రెండో చేయి లేదు కనుక వట్టి తీగలే మోగాయి, పాట ఆరంభం అవే స్వరాలు. ఆ పాటను బ్యాండుకు వినిపించడానికే మొదట సంకోచించాడు. ప్రేమ, దూరం, సంకోచం, అన్నీ ఆ తీగల్లో ఉన్నాయి. ప్రతి పాటకూ ఇలాంటి కథ దొరకదు. దొరికినప్పుడు వదలకు.

గొంతు గురించి కూడా రాయాలి. అరుపు అంటే సాధన లేని పని అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. 1990, 91ల్లో నిర్మాత బాబ్ రాక్‌తో నల్ల ఆల్బమ్ (అట్ట నలుపు వల్ల ఆ 1991 ఆల్బమ్‌కు వచ్చిన పేరు) చేస్తున్న కాలంలో ఈయన గొంతు దెబ్బతింది. అప్పుడు గాత్ర శిక్షకుడి దగ్గరికి వెళ్లి, కచేరీకి ముందు గొంతును సిద్ధం చేసుకునే సాధన నేర్చుకున్నాడు. అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడైన ఆ ఆల్బమ్‌ను, 1983 నాటి తొలి ఆల్బమ్‌ను ఒకదాని తర్వాత ఒకటి విను. ముందుదానిలో కీచుగా పరుగెత్తే గొంతు, తర్వాతిదానిలో నిలబడి, అక్షరాన్ని సాగదీసి, చివర విరుస్తుంది. మన సంగీత విద్వాంసుల గురించి రాసేటప్పుడు సాధనకు ఇచ్చే గౌరవాన్ని ఇక్కడ కూడా ఇవ్వు.

మద్యం అధ్యాయంలో నీ స్వరం మారింది. జాలి చేరింది, చివర విజయగీతం చేరింది. 2001లో చికిత్సకు వెళ్లాడు, 2002లో తిరిగి వచ్చాడు, 2019లో మళ్లీ వెళ్లవలసి వచ్చింది. కాబట్టి 2002 దగ్గర "గెలిచాడు" అన్న మాట నిలవదు. తిరిగి వచ్చిన కొత్తలో రోజుకు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా మాత్రమే పని చేస్తానన్నాడు, మిగతావాళ్లకు అది మింగుడు పడలేదు. ఆ గొడవంతా 2004లో వచ్చిన డాక్యుమెంటరీలో ఉంది. ఆ నాలుగు గంటల గురించి రాయి. ఇరవై ఏళ్లు అదుపు లేకుండా బతికిన మనిషి గడియారం చూసుకుని స్టూడియో నుంచి లేచి వెళ్లడం కంటే ఎక్కువ చెప్పే దృశ్యం ఆ అధ్యాయంలో మరొకటి లేదు.

భాష గురించి రెండు మాటలు. "భారలోహ సంగీతం" అని అనువదించావు. ఎవరూ అనని మాట అది, హెవీ మెటల్ అనే ఉంచు. పాటల చరణాలను తెలుగు పద్యాలుగా మార్చిన భాగాలు తీసెయ్; పాట దేని గురించో, ఏ మాట మీద గొంతు ఒత్తుతుందో చెబితే చాలు. వచనాన్ని సంగీతంలా ఉరకలు వేయించాలని ఆశ్చర్యార్థకాలు గుప్పించావు. ఆ సంగీతం బలం ఒకే బరువుతో, ఒకే ఎడంతో పడే దెబ్బల్లో ఉంది కదా. నీ వాక్యమూ అలా నిదానంగా, తప్పకుండా పడనీ.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు వాయించినప్పుడు మీ అన్నయ్య భుజాల మీదుగా వేదికను చూశానని ముందుమాటలో రాశావు. ఏం చూశావో రాయలేదు. అంత దూరం నుంచి ఆ చేయి కనిపించిందా, లేక దెబ్బ ఛాతీకి తగలడం మాత్రమే తెలిసిందా? గుర్తు తెచ్చుకుని, ముందుమాటలో కాకుండా పుస్తకం మధ్యలో, కుడి చేతి గురించి రాసే చోట పెట్టు.

ముందుగా ఫీనిక్స్ రాత్రిని తిరగరాసి పంపు. గిటారు మెడలో లేని ఆ గంటల్లో ఆయన కుడి చేయి ఏం చేసిందో, దొరికిన దృశ్యాలన్నీ చూసి రాయి. కాగితం మీద తీసి పోస్టులోనే పంపు, పక్కన అంచు బాగా వదులు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు