పీజేఆర్‌ది ఖైరతాబాదా, జూబ్లీహిల్సా?

ప్రశ్న: మాది యూసుఫ్‌గూడ. ఇంట్లో పెద్దవాళ్లు "ఇది పీజేఆర్ సీటు" అంటారు. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేల జాబితా చూస్తే 2009లోనే మొదలవుతోంది, అందులో పీజేఆర్ పేరే లేదు. ఎవరి మాట నిజం?

జవాబు: పెద్దవాళ్ల మాటా నిజమే, జాబితా కూడా సరైనదే. 2009కి ముందు జూబ్లీహిల్స్ అనే నియోజకవర్గమే లేదు. మీ యూసుఫ్‌గూడ అప్పట్లో ఖైరతాబాద్‌లో ఉండేది. అక్కడి నుంచి పీజేఆర్, అంటే కాంగ్రెస్ నేత పి.జనార్దన్‌రెడ్డి, 1978, 1985, 1989, 1994, 2004 ఎన్నికల్లో గెలిచారు. రెండుసార్లు ఓడారు: 1983లో తెలుగుదేశం గాలికి, 1999లో అదే పార్టీ నిలబెట్టిన సీబీఐ మాజీ డైరెక్టర్ కె.విజయరామారావు చేతిలో. 'కంచుకోట' అనే మాటను పత్రికలు ఎవరికి పడితే వాళ్లకు తగిలిస్తాయి గానీ, 1994లో ఉమ్మడి రాష్ట్రం మొత్తమ్మీద కాంగ్రెస్‌కు దక్కిన 26 సీట్లలో ఖైరతాబాద్ ఒకటంటే ఆ మాట కొంతవరకు ఒప్పుకోవాలి.

అసలు తికమక 2008లో ఉంది. పీజేఆర్ 2007 డిసెంబరులో చనిపోయారు. 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసిన నియోజకవర్గాల కొత్త హద్దులు (పునర్విభజన) 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చాయి. ఖైరతాబాద్ ఉప ఎన్నిక ఆ తర్వాత మే నెలలో జరిగింది. అయినా ఓట్లు వేసింది పాత ఖైరతాబాద్ వాళ్లే. ఉన్న శాసనసభ రద్దయ్యే దాకా దాని సీట్లకు జరిగే ఉప ఎన్నికలు పాత హద్దులతోనే జరగాలని పునర్విభజన చట్టం చెబుతుంది. కాబట్టి ఆయన కుమారుడు విష్ణువర్ధన్‌రెడ్డి 2008లో గెలిచింది పాత ఖైరతాబాద్‌లో, 2009లో గెలిచింది కొత్త జూబ్లీహిల్స్‌లో. ఏడాది తిరక్కుండా రెండు సీట్లు! సార్వత్రిక ఎన్నికల ఫలితాలు మాత్రమే చూసి పట్టిక రాసుకునేవాళ్లకు 2008 వరుస జారిపోతుంది. ఉప ఎన్నికల లెక్క విడిగా ఉంటుంది, అదీ చూడాలి.

తర్వాతి వరుస తేలికే. మాగంటి గోపీనాథ్ 2014లో తెలుగుదేశం తరఫున, 2018లో టీఆర్‌ఎస్ తరఫున, 2023లో బీఆర్‌ఎస్ తరఫున గెలిచారు. 2025 జూన్‌లో ఆయన మరణించాక నవంబరు ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచారు. ఈయనే 2014లో ఇక్కడ మజ్లిస్ అభ్యర్థిగా రెండో స్థానంలో నిలిచారు.

ఒక ముచ్చట: పేరు జూబ్లీహిల్స్ అయినా, బంగళాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. ఈ సీటుకు ఓట్లు బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, మీ యూసుఫ్‌గూడ బస్తీల్లోనే ఎక్కువ.

ప్రశ్న: 2002 ఓటరు జాబితాలో అమ్మ పేరు వెతకాలి. నియోజకవర్గాల్లో జూబ్లీహిల్స్ కనబడడం లేదు. ఎలా?

జవాబు: కనబడదు. 2002లో హైదరాబాద్ జిల్లాలో 13 సీట్లు, ఇప్పుడు 15. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహరాజ్‌గంజ్ పోయాయి. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా వచ్చాయి.

ముందు అమ్మ పాత ఓటరు కార్డు తీయండి. ఏపీ అక్షరాల తర్వాత గీతలతో విడదీసిన అంకెలుంటే, వాటిలో మొదటిది లోక్‌సభ సీటు నంబరు, రెండోది అసెంబ్లీ సీటు నంబరు. అయితే అది పాత వరుస, ఇచ్ఛాపురం నుంచి లెక్కపెట్టింది. నేటి జూబ్లీహిల్స్ నంబరు 61, దానితో పోల్చకండి. కార్డు లేకపోతే అప్పటి ఇంటి నంబరు చూడండి. 8-3-తో మొదలైతే 8వ వార్డు, 3వ బ్లాకు. ఆ తర్వాత పాత నియోజకవర్గం (యూసుఫ్‌గూడ అయితే ఖైరతాబాద్) ఎంచుకుని, ఓటరు జాబితాలోని ఒక్కో భాగం మొదటి పేజీలో ఉన్న వీధుల పేర్లు, ఇంటి నంబర్లు చదువుతూ పోవాలి. నేటి పోలింగ్ కేంద్రం నంబరు పట్టుకుని వెతికితే దొరకదు, ఆ నంబర్లు మారిపోతుంటాయి. స్కాన్ చేసిన పేజీల్లో పేరు టైపు చేసినా వెతుకుడు పనిచేయదు. పేరు అక్షరాల్లో తప్పులుండొచ్చు కాబట్టి ఇంటి నంబరుతో, పక్కనున్న తండ్రి లేదా భర్త పేరుతో సరిచూసుకోండి. 2002 నాటికి అమ్మ పుట్టింట్లో ఉంటే వెతకాల్సింది ఆ ఊరి జాబితాలో.

ప్రశ్న: దానం నాగేందర్‌ది ఏ నియోజకవర్గం? ఒకరు ఆసిఫ్‌నగర్ అంటారు, ఒకరు ఖైరతాబాద్ అంటారు.

జవాబు: 2009 దాకా ఆసిఫ్‌నగర్. 1994, 1999లో కాంగ్రెస్ తరఫున, 2004లో తెలుగుదేశం తరఫున గెలిచారు. వెంటనే కాంగ్రెస్‌కు తిరిగొచ్చి, రాజీనామా చేసి, ఉప ఎన్నికలో మజ్లిస్ చేతిలో ఓడారు. పునర్విభజనలో ఆ సీటే మాయమైంది. 2009, 2018, 2023లో గెలిచింది ఖైరతాబాద్ నుంచి. 2014లో అక్కడ బీజేపీ అభ్యర్థి చింతల రామచంద్రారెడ్డి గెలిచారు. కిషన్‌రెడ్డిదీ ఇలాంటి కథే: 2004లో హిమాయత్‌నగర్, అది పోయాక 2009, 2014లో అంబర్‌పేట.

ప్రశ్న: ఈ హద్దులు మళ్లీ ఎప్పుడు మారతాయి?

జవాబు: రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచాలంది. కానీ ఆ సెక్షన్‌లోనే రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అనే మాట ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడే దాకా సీట్ల సంఖ్య కదలకూడదంటుంది ఆ అధికరణం. వెంటనే పెంచమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది.