పక్కింటివాళ్లు సెట్‌బ్యాక్ వదలకుండా కడుతుంటే జరిమానాతో ఆగుతారా?

పక్క ప్లాటు వాళ్లు సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, వదలకుండా మీ గోడకి ఆనించి పిల్లర్ల గోతులు తీస్తున్నారు, ఫిర్యాదు చేస్తే జరిమానా వేసి ఆపుతారా అని అడిగారు. జరిమానాకి ఎవరూ ఆగరు. ఆపగలిగేది గోతుల దగ్గరే, స్లాబ్ పడిందంటే ఇక అయిపోయినట్టే.

హైదరాబాద్ శివారులో మాది 150 గజాల ఇల్లు. నాన్న కట్టేటప్పుడు ప్లాన్‌లో ఉన్నట్టే చుట్టూ ఖాళీ వదిలారు, చోటంతా వేస్ట్ సార్ అని మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు. తర్వాత పక్కాయన మొదలుపెట్టాడు. పర్మిషన్ రెండంతస్తులకి, వేసింది నాలుగు. మా వైపు మీటరు వదలాల్సిన చోట జానెడు వదిలాడు. నాన్న వెళ్లి అడిగితే "మీరు కూడా వేసుకోండి బాబాయ్, ఎవరు వద్దన్నారు?" అన్నాడు. మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇచ్చాం, నోటీసు వెళ్లింది. ఆ వచ్చిన రెండో శనివారం రాత్రి మిల్లర్ తెప్పించి, తెల్లవార్లూ లైట్లు పెట్టి, ఆదివారం మధ్యాహ్నానికి స్లాబ్ పోసేశాడు. పది రోజులకి సిబ్బంది వచ్చి డ్రిల్లింగ్ మిషన్‌తో ఆ స్లాబ్‌కి నాలుగు బొక్కలు పెట్టి, రెండుచోట్ల చువ్వలు కోసి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. మా డాబా మీద పడ్డ పెచ్చులు అమ్మ చేటలోకి ఎత్తింది. వారం తిరక్కుండా చువ్వలు వెల్డింగ్ చేయించి బొక్కలు పూడ్చేశాడు. ఇప్పుడు ఆ అంతస్తులో రెండు కుటుంబాలు అద్దెకుంటున్నాయి, వాళ్ల సజ్జా నీళ్లు మా గోడ మీదకి కారి వంటింట్లో చెమ్మ, పట్టపగలు లైటు వేసుకుంటే తప్ప అమ్మకి బియ్యంలో రాయి కనిపించదు.

జరిమానా సంగతికొస్తే, హైదరాబాద్‌లో అనుమతి లేని అంతస్తుకి ఆస్తిపన్నుతో పాటు మరో 100 శాతం పెనాల్టీ, సెట్‌బ్యాక్ అతిక్రమణ 10 శాతంలోపైతే 25, దాటితే 50. అది కట్టినంతమాత్రాన కట్టడం సక్రమమైపోదని కూడా చట్టంలోనే ఉంది. కానీ రెండు పోర్షన్ల అద్దె నెలనెలా వచ్చేవాడు దాన్ని కరెంటు బిల్లు కట్టినట్టు కట్టేస్తాడు.

నాకు అసలు మండేది క్రమబద్ధీకరణ పథకాల మీద, అంటే అక్రమ కట్టడానికి డబ్బు కట్టించుకుని సక్రమం చేసేవి. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో ఒకటి, 2015లో రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ. ఇదే ఆఖరు అంటారు, జనం ఇంకోటి వస్తుందని కట్టేస్తారు. నిజాయితీగా చోటు వదిలిన మా నాన్నలాంటి వాళ్లకి ఏ పథకంలోనూ ఏమీ లేదు. తప్పు చేసినవాడికే అవకాశం మీద అవకాశం.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని, ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) చూపించాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు, ఏ బుల్డోజరూ అక్కర్లేదు. మోటారు తిరగని ఇంట్లో ఎవరుంటారు?

మీరు మాత్రం ఆగొద్దు. ఈరోజే టేపు పట్టుకుని మీ గోడ నుంచి గోతి అంచుకి ఎంతుందో కొలవండి, టేపు కనిపించేలా తేదీతో ఫొటో తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్లాన్ కాపీకి సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, కానీ జవాబుకి 30 రోజుల గడువుంటుంది, అది వచ్చేదాకా ఫిర్యాదు ఆపకండి. ఈలోగా పిల్లర్లు లేచిపోతాయి.