‘ఫారాలు నింపించే పనికా నా కూతుర్ని చదివించింది?’

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చేసింది. అంతకుముందు నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్వాలిటీ విభాగంలో పని చేస్తోంది. రోగుల దగ్గరికి పోయి ఆసుపత్రి ఎట్లుందో అడిగి ఫారాలు నింపించడం తన పని. ఇందులోనే పైకొస్తానంటుంది. ‘ఫారాలు నింపించే పనికా నిన్ను చదివించింది’ అంటే ఏడ్చింది. బెంగళూరులో హెల్త్‌కేర్ అనలిటిక్స్ (ఆసుపత్రుల సమాచారాన్ని విశ్లేషించడం) కోర్సు ఆరు నెలలు, ఫీజు 1,80,000 రూపాయలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అది మేలా, ఎంహెచ్ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ) మేలా, ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్ పీజీ) మేలా? పోల్చి చెప్పండి. సంబంధాలు కూడా చూస్తున్నాము. నిరుడు నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. పాప తొందరగా స్థిరపడితే చాలు.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: సార్, ఇట్లాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి, భయం మాత్రం అదే. డాక్టరు కావాల్సిన బిడ్డ ఏమీ కాకుండా పోతుందేమోనని మీ భయం. ముందు దానికే జవాబు చెబుతాను. మీ పాప చేతిలో నర్సింగ్ డిగ్రీ ఉంది. ఉద్యోగం ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే తనకు ఏ పని నచ్చిందో తెలుసుకుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ మూడోది ఉండదు. రాత్రి నిద్ర మానుకుని ఆలోచించాల్సిన పరిస్థితి మీ ఇంట్లో లేదు.

రెండో మాట మీకు కోపం తెప్పించవచ్చు. ఫారాలు నింపించే పని అని పాప ముందు అన్నారు చూడండి, అది తప్పు. ఆ పని ఏమిటో తనను ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? అడిగి ఉంటే ఆ సంగతి ఉత్తరంలో ఉండేది. కోర్సు ఫీజు రూపాయలతో సహా రాశారు, పాప రోజూ ఏం చేస్తుందో ఒక వాక్యంలో ముగించారు.

మూడేళ్ల కిందట మా అమ్మకు ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేశారు. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. పొద్దున ఎనిమిదికి అన్న ఆపరేషన్ సాయంత్రం నాలుగుకు జరిగింది. అమ్మ షుగరున్న మనిషి. ఆలస్యమవుతుందని ఎవరూ వచ్చి ఒక ముక్క చెప్పలేదు. డిశ్చార్జ్ రోజు బిల్లు కౌంటర్ దగ్గర నా చేతికి ఫారం ఇచ్చారు. ‘సిబ్బంది ప్రవర్తన, గది శుభ్రత సంతృప్తికరంగా ఉన్నాయా?’ అన్నది మొదటి ప్రశ్న. ప్రవర్తన వేరు, శుభ్రత వేరు, రెండింటికీ కలిపి ఒకే గడి. వేచి ఉన్న సమయం గురించి ప్రశ్నే లేదు. ఫారం ఇచ్చినావిడ ఎదురుగానే నిలబడింది. అన్నింటికీ ఐదు మార్కులు వేసి ఇచ్చేశాను. ఆ ఆసుపత్రి లెక్కలో మా అమ్మ పూర్తిగా సంతృప్తి చెందిన రోగి. ఇప్పటికీ అది నాకు బాధే.

ఇట్లా జరగకుండా అడగడం ఒక విద్య. అమెరికాలో 2006 నుంచి ఆసుపత్రిలో రోగికి ఏం జరిగిందో అడిగే హెచ్‌క్యాప్స్ అనే సర్వే దేశమంతా నడుస్తోంది. రోగి ఆసుపత్రిలో ఉండగా అడగనే కూడదు. ఇంటికి పోయిన 48 గంటల తరువాత, ఆరు వారాల లోపల మొదలుపెట్టాలి. ఎవరిని అడగాలో వార్డు సిబ్బంది ఎంచరు, లాటరీ తీసినట్టు తీస్తారు. ఏడాదికి కనీసం 300 పూర్తి జవాబులు రావాలన్నది లక్ష్యం. 2008 నుంచి ఆ ఫలితాలను జనం ముందు పెడుతున్నారు. 2012 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వం ఆసుపత్రులకిచ్చే డబ్బులో కొంత ఈ మార్కులను బట్టి కూడా మారుతోంది. మన దేశంలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీహెచ్ బోర్డు గుర్తింపు కావాలన్నా, ప్రభుత్వాసుపత్రికి ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాల సర్టిఫికెట్ కావాలన్నా రోగుల అభిప్రాయం తీసుకుని తీరాలి. కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ పేరుతో ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్స్ ద్వారా అడగడం మొదలుపెట్టింది. కాబట్టి పాప పని రేపో మాపో మూతపడేది కాదు.

ఇక మన ఊళ్ల సంగతి. ఒక పల్లె పెద్దాయనను ‘ఎట్లుంది తాతా ఆసుపత్రి?’ అని అడగండి. ‘అంతా బాగుండాది నాయనా, దేవుడి మాదిరి చూసుకున్నారు’ అంటాడు. అదే మనిషిని ‘రాత్రి బెల్లు కొడితే ఎంతసేపటికి వచ్చినారు?’ అని అడిగితే, ‘ఎవురూ రాలే. మా కోడలే పట్టుకోని బాత్రూముకు తీసకపోయింది’ అంటాడు. మొదటి ప్రశ్న సంతృప్తిని అడిగింది, రెండోది జరిగినదాన్ని అడిగింది. ప్రభుత్వ పథకం కింద ఉచితంగా వైద్యం చేయించుకున్నవాళ్లయితే ఇంకా జంకుతారు. చెడుగా చెబితే మళ్లీ వచ్చినప్పుడు చూడరేమోనని వాళ్ల అనుమానం. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరికి తమిళంలో అడిగితేనే నోరు విప్పబుద్ధవుతుంది.

అనువాదం ఇంకో గండం. హెచ్‌క్యాప్స్‌లో చాలా ప్రశ్నలకు ‘ఆల్వేస్’ నుంచి ‘నెవర్’ దాకా నాలుగు మెట్ల జవాబులుంటాయి. అన్నిటికంటే పైమెట్టును తెలుగులో ‘ఎప్పుడూ’ అని, అడుగుమెట్టును ‘ఎప్పుడూ లేదు’ అని రాసి ఫోన్లో చదివి వినిపించండి. ముసలమ్మకు రెండూ ఒకటే అనిపిస్తాయి. ‘ప్రతిసారీ’, ‘ఒక్కసారి కూడా లేదు’ అని మార్చాలని తోచేది ఆ ముసలమ్మ పక్కన కూర్చున్న మనిషికే. ఏడాదిన్నరగా మీ పాప కూర్చుంటున్నది ఆ చోటే.

అందుకే ఆ అనలిటిక్స్ కోర్సు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఇప్పుడు ప్రతి వీధిలోనూ దాని బోర్డే. అందులో నేర్పేది ఎక్కువగా ఎక్సెల్, రంగురంగుల గ్రాఫులు, ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లు. ఎక్సెల్‌ను పాప ఇప్పటికే వాడుతూ ఉంటుంది. గణాంకాలకు ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, యూట్యూబ్‌లో పాఠాలున్నాయి. రోజుకు గంట కూర్చుంటే కొన్ని నెలల్లో చేతికొస్తుంది. ఇట్లాంటి కోర్సులు చేసి వచ్చిన పిల్లలను నేను ఒకే ప్రశ్న అడుగుతాను: ‘ఈ గ్రాఫులోని జవాబులు ఎవరివి, ఎక్కడ, ఎవరి ముందు చెప్పినవి?’ చాలామంది తెల్లమొహం వేస్తారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తే 385 మంది జవాబులతో వేలమంది మనసును ఐదు శాతం అటూ ఇటూగా చెప్పవచ్చు. బిల్లు కౌంటర్ దగ్గర నింపించిన ఐదు వేల ఫారాలతో అది చెప్పలేము. ఆ తేడా తెలియని మనిషికి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇచ్చినా తప్పులనే అందంగా చూపిస్తుంది.

గ్యారంటీ అన్నవాళ్లను కాగితం మీద రాసిమ్మనండి. ఏ ఉద్యోగం, ఎంత జీతం, పోయిన బ్యాచ్‌లో నర్సింగ్ చదివినవాళ్లు ఎందరు, ఇప్పుడెక్కడున్నారు? అందులో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. మోకాళ్లరిగేలా సంపాదించిన డబ్బు సార్ అది.

మిగతా రెండింటి సంగతి. ఎంహెచ్ఏ అంటే ఆసుపత్రి మొత్తం నడపడం: బిల్లింగు, స్టోర్లు, సిబ్బంది, ఇన్సూరెన్సు. రోగుల సర్వే అందులో ఒక మూల. అడ్మినిస్ట్రేటర్ కుర్చీ కావాలనుకుంటే మంచిది. ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లాంటి చోట సీటొస్తే వదలొద్దు. ఎంపీహెచ్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), ప్రశ్నావళి తయారీ, ఫీల్డువర్కు ఉంటాయి. పాపకు నచ్చిన పనికి ఇదే దగ్గర. రెండింట్లో ఏదైనా ఇంకో ఏడాది ఉద్యోగం చేశాకే. జీతం గురించి దాచను. మొదట్లో వార్డు నర్సుకంటే పెద్దగా ఎక్కువ రాదు. చదువు, అనుభవం రెండూ కలిశాకే పెరుగుతుంది.

సంబంధాలవాళ్లు అడిగితే ఉన్నదే చెప్పండి. మా పాప నర్సు, ఆసుపత్రిలో రోగుల కష్టం కనిపెట్టి మేనేజ్‌మెంటుకు చెప్పే పని చేస్తుంది అనండి. తలొంచుకుని చెప్పారో, వాళ్లూ దాన్ని చిన్నపనే అనుకుంటారు.

ఈ ఏడాదిలో పాప చేయాల్సింది ఒక్కటే. పై అధికారి అనుమతి తీసుకుని సొంతంగా ఒక చిన్న సర్వే తయారుచేయాలి. పది పన్నెండు ప్రశ్నలు చాలు. డిశ్చార్జ్ అయి వారం దాటిన యాభై మందికి, ముందు వాళ్ల ఒప్పుదల అడిగి, ఫోన్ చేయాలి. పేర్లు బయటికి పొక్కకూడదు. ఎవరిని ఎంచాలి, ఎట్లా ఎంచాలి అన్నది ఎస్వీ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ విభాగంలో ఎవరైనా అధ్యాపకుణ్ణి కలిసి అడగమనండి. రేపు ఎంపీహెచ్ ఇంటర్వ్యూలో చూపించడానికి అది బెంగళూరు సర్టిఫికెట్ కంటే బాగా పనికొస్తుంది.

ప్రశ్నలు తయారయ్యాక ఫోన్లు చేసేముందు వాటిని ఎవరో ఒక రోగి మీద పరీక్షించాలి. ఒక్కో ప్రశ్న చదివి, ‘నీకు ఇది ఏమని అర్థమైంది?’ అని అడగాలి. నిరుడు ఆపరేషన్ చేయించుకున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఈ ఆదివారం పాప ఇంటికొస్తే ఎదురుగా కూర్చోండి. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో, దేనికి ‘అంతా బాగుండాది’ అనేశారో తను రాసుకుంటుంది. అడిగినదానికి నిజం చెప్పండి.