పోయింది రాబట్టుకోవడానికి మళ్ళీ వెళ్దామంటున్నారు

ప్రశ్న: మాది పలాస. మావారిది జీడిపప్పు వ్యాపారం. ఈ వేసవిలో మా అక్కాబావగార్లతో కలిసి పిల్లలను సింగపూర్ తీసుకువెళ్ళి, మెరీనా బే శాండ్స్ హోటల్లో మూడు రాత్రులు ఉన్నాం. రెండో రాత్రి నుంచి మావారు అక్కడి కేసినోలోనే గడిపారు. తన కార్డులోవి అయిపోగా బావగారి దగ్గర రెండున్నర లక్షలు తీసుకున్నారు. మొత్తం నాలుగు లక్షలకు పైగా పోయింది. ఇప్పుడు జీడిపిక్కల కొనుగోలుకు దాచిన డబ్బుతో డిసెంబరులో మళ్ళీ అదే హోటల్‌కు వెళ్దామని, పోయింది రాబట్టుకుంటానని అంటున్నారు. (ఈమధ్య రాత్రిళ్ళు ఫోను పట్టుకుని బాత్రూంలో కూర్చుంటున్నారు కూడా.) మా అత్తగారేమో, "నీ హారం అమ్మి మీ బావ బాకీ తీర్చెయ్, బయటకు పొక్కనీయకు" అంటున్నారు. పదహారేళ్ళ మా అబ్బాయి తండ్రితో మాట్లాడడం మానేశాడు. ఒక తెల్లవారుజామున వాళ్ళ నాన్న పెట్టెలోంచి డబ్బు కవరు తీస్తూ, చూసిన వాడికి నోటి మీద వేలు పెట్టి సైగ చేశారట. అసలు ఆ హోటల్ కావాలన్నది నేనే. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. 57వ అంతస్తు ఎత్తున, మూడు భవనాలను కలుపుతూ కట్టిన మేడ మీద 150 మీటర్ల పొడవైన ఈతకొలను ఉందనీ, అందులో దిగాలంటే ఆ హోటల్లోనే బస చేయాలనీ తెలిసి పిల్లల కోసం ముచ్చటపడడం తప్పు కాదు. ఆ అపరాధభావాన్ని మీరు మోస్తున్నంతకాలం హారం ఇచ్చి తీరాలన్న ఒత్తిడికి లొంగిపోతూనే ఉంటారు కనుక ముందు దానిని దించుకోండి.

అయితే ఆ చోటు ఎలాంటిదో మీ ఇద్దరూ గ్రహించాలి. సింగపూర్ ప్రభుత్వం తన పౌరులనూ శాశ్వత నివాసులనూ 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టించుకుని గాని కేసినోలోకి రానివ్వదు. విదేశీయులకు మాత్రం 21 ఏళ్ళు నిండి, పాస్‌పోర్టు చూపితే ఆ రుసుము లేదు. అంటే సొంత ప్రజలకు ఆ దేశం పెట్టుకున్న అడ్డు మీవారికి లేకపోయింది. మన ఊళ్ళలో సంక్రాంతికి గుండాట ఆడేవాడికి జేబులో నోట్లు అయిపోవడం కళ్ళకు కనబడుతుంది, పండుగ వెళ్ళగానే బల్ల ఎత్తేస్తారు, చొక్కా పట్టుకు లాగేందుకు తెలిసినవాడొకడు పక్కనే ఉంటాడు. అక్కడ నోట్లకు బదులు బిళ్ళలు, రాత్రీ పగలూ ఆట, పడుకోవడానికి గది ఆ ఆవరణలోనే.

ఇక రాబట్టుకోవడం సంగతి. కేసినోలో అన్నీ ఒకే ఆట కావు గాని, తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో పడుతుందోనని పందెం కాసే రౌలెట్‌నే, అందులోనూ ఒకే సున్నా ఉన్న చక్రాన్నే తీసుకోండి. అందులో 37 గడులుంటాయి. వేసిన అంకె పడితే 35 రెట్లిచ్చి, పెట్టిన రూపాయి కూడా తిరిగి ఇస్తారు. 37 అంకెల మీదా తలొక రూపాయి పెడితే చేతికి తప్పనిసరిగా 36 వస్తాయి. మిగిలిన రూపాయి బల్ల యజమానిది, ఎవరు ఆడినా, ఎంతసేపు ఆడినా. బస్తా పిక్కలకు పప్పు ఎంత దిగుతుందో చూపుతోనే అంచనా కట్టగల వ్యాపారికి ఈ లెక్క అర్థం కాకపోదు. అర్థమైన తరువాత కూడా మళ్ళీ వెళ్ళాలని మనసు లాగుతూ ఉంటే, అది లెక్కతో తీరే విషయం కాదని ఆయనే తెలుసుకుంటారు.

అందుకే, పోయిన నాలుగు లక్షల కంటే మీరు బ్రాకెట్లలో పెట్టేసిన ఆ ఒక్క వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనూ, కేంద్రం 2025లోనూ నిషేధించాయి గాని, దొంగదారిన నడిచేవి ఫోన్లలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఆయన చేస్తున్నది అదేనని నేను తేల్చి చెప్పలేను. మీరు మాత్రం సూటిగా అడిగి తీరాలి. పోయినదాని కోసం మళ్ళీ ఆడడం, దాచడం, అప్పు చేయడం, ఈ మూడూ కలిసి కనబడినప్పుడు దానిని దుర్గుణమని తిట్టి ఊరుకోవడం సరికాదు. జూదం వ్యసనంగా మారడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగానే గుర్తించింది. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా వైద్యుణ్ణి చూడాలంటే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పిచ్చాసుపత్రికా అని ఆయన బిగుసుకుంటే తగవు పెట్టుకోకండి, ఫోనుతోనే మొదలుపెట్టించండి.

హారం ఇవ్వకండి. పరువు పోతుందన్న అత్తగారి భయం నిజమైనదే కనుక ఆమెతో వాదానికి దిగవద్దు. "బాకీ ఎగ్గొట్టం అత్తయ్యా, కాని తీర్చవలసింది మీ అబ్బాయే" అని ఆ ఒక్కమాట మీద నిలబడండి. మీ బంగారంతో బాకీ చప్పుడు లేకుండా తీరిపోతే ఆయనకు మిగిలేది ఖాళీ అయిన అప్పుఖాతా, మళ్ళీ అడగడానికి వీలున్న తోడల్లుడూ. దానికి బదులు, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో, ఏదైనా తాకట్టు పెట్టారో ఆయన చేతే కాగితం మీద రాయించి, మీ బావగారితో కూర్చుని నెలకు ఇంత అని ఆయన రాబడిలోంచే వాయిదాలు మాట్లాడుకోమనండి. ఆ సమయంలో మీరూ మీ అక్కా అక్కడే ఉండాలి, లేకపోతే మగవాళ్ళిద్దరూ మొహమాటంతో "చూద్దాంలే" అనుకుని లేచిపోతారు. పిక్కల డబ్బు ఉన్న ఖాతాను ఇద్దరి సంతకాలతో మాత్రమే నడిచేలా మార్చమని బ్యాంకులో అడగండి.

డిసెంబరు ప్రయాణం వద్దు, మీరు వెంట ఉన్నా వద్దు. తనను కేసినోలోకి రానివ్వవద్దని ఎవరికి వారే నమోదు చేసుకునే పద్ధతి సింగపూర్‌లో ఉంది, విదేశీయులు కూడా చేసుకోవచ్చు. ఇకమీదట ఆడనని ఆయన దేవుడి పటం ముందు ఒట్టు వేయబోతే, ఆ దరఖాస్తు నింపమనండి.

అబ్బాయి సంగతి డబ్బు కంటే ముందు తేలాలి. నోటి మీద వేలు పెట్టినప్పుడు తండ్రి వాడిని తన దాపరికంలో భాగస్థుణ్ణి చేశారు. మీకు చెప్పినందుకు తండ్రికి ద్రోహం చేశానని, చెప్పకముందు తల్లిని మోసం చేశానని వాడు రెండు వైపులా నలిగి ఉంటాడు. "ఆ రోజు నిన్ను నోరు మూసుకోమన్నాను, అలా అనకూడదు" అని ఆయనే, ఇంకేమీ కలపకుండా, వాడితో చెప్పాలి. ఆయన తరఫున మీరు చెప్పకండి. మొదటి రోజు వాడు విని లేచి వెళ్ళిపోతే వెనక్కి పిలవకండి, భోజనాల వేళకు మామూలుగా ముగ్గురికీ కంచాలు పెట్టండి.