హిమానీనదం నడుమ ఉబ్బిందా, లెక్క ఉబ్బిందా?

ప్రశ్న: హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్‌లో రాళ్లు కప్పిన ఒక హిమానీనదం కొసను జూన్‌లోనూ అక్టోబరులోనూ డ్రోన్‌తో ఫొటోలు తీశాం. వాటితో కట్టిన రెండు ఎలివేషన్ మోడళ్లను (నేల ఎత్తుల పటాలను) ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే నడుమ మీటరున్నర లేచినట్టు, అంచులు దిగినట్టు వస్తోంది. కరిగే కాలంలో ఇది సాధ్యమేనా?
- పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ముందు మంచు సంగతి వదిలేసి, పక్కనున్న కదలని బండల మీద తేడా ఎంతో చూడండి. అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. ఆ వంపు బండల మీదికీ సాగుతుంటే లేచింది మంచు కాదు. కెమెరాను నిట్టనిలువుగా కిందికి తిప్పి సమాంతర వరుసల్లోనే ఎగిరితే, సాఫ్ట్‌వేర్ లెన్స్ వక్రతను సరిగా తేల్చుకోలేదు. ఆ కాస్త లోపమే నేలనంతా గోపురంలా వంచేస్తుంది.

ఉన్న ఫొటోలు పారేయకండి. రెండు తేదీలవీ ఒకే ప్రాజెక్టులో వేసి, హిమానీనదం లెక్కలోకి రాకుండా మాస్క్ పెట్టి, బండల ఆధారంగా కలిపి అలైన్ చేయండి (ఏ ఫొటో ఎక్కణ్నుంచి తీసిందో సాఫ్ట్‌వేర్‌తో తేల్చండి). ఆ తర్వాత తేదీలవారీగా విడదీసి మోడళ్లు కట్టండి. మిగిలిన లోపం రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో చాలావరకు పోతుంది.

ఈసారి వెళ్లినప్పుడు కెమెరాను 20-30 డిగ్రీలు వంచి అడ్డంగా మరో విడత ఎగరండి. ఒక అంగుళం సెన్సర్, 8.8 మి.మీ. లెన్స్ అయితే 100 మీటర్ల ఎత్తులో ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 2.7 సెం.మీ.; ముందుకు 80, పక్కకు 70 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక ఫొటోలోది పక్క ఫొటోలోనూ పడే భాగం) కావాలంటే 20 మీటర్లకో ఫొటో, 45 మీటర్లకో వరుస. ఆ 100 మీటర్లు నేల నుంచి లెక్క, ఎగిరిన చోటు నుంచి కాదు; లోయ పైకి పోయేకొద్దీ నేల లేచి ఓవర్‌ల్యాప్ తగ్గిపోతుంది. కొలత గుర్తులు (స్థానం కచ్చితంగా కొలిచిన నేల గుర్తులు) రెండు పక్కల మొరైన్ల (హిమానీనదం తెచ్చి పోసిన రాళ్లగట్ల) మీదా పరచండి, కొన్నిటిని లెక్కలో కలపకుండా పరీక్షకు ఉంచండి. మంచు మీద గుర్తు పెడితే ఎగిరిన రోజే కొలవాలి, మరో తేదీకి అది పనికిరాదు.

బండలు సున్నా చూపి, నడుమ మాత్రమే లేస్తే నమ్మవచ్చు: పైనుంచి జారివచ్చే మంచు కింది భాగాన్ని నిజంగానే పైకి నెడుతుంది. అయితే ఒక్కో మోడల్‌లో 10 సెం.మీ. లోపముంటే తీసివేతలో రెండూ కలిసి సుమారు 14 సెం.మీ. అవుతుంది; 95 శాతం నమ్మకానికి దాన్ని దాదాపు రెట్టింపు చేయాలి కాబట్టి 28 సెం.మీ. లోపు తేడాలను మార్పుగా రాయకండి. నేపాల్‌లోని లిరుంగ్ హిమానీనదాన్ని 2013 మే, అక్టోబరుల్లో ఇలాగే కొలిచినప్పుడు, నిటారు మంచుగోడలూ చిన్న చెరువులూ ఉన్న చోట్లే కరుగుదల ఎక్కువని తేలింది. మీ మ్యాపులోనూ సగటుకన్నా ముందు అలాంటి చోట్లు వెతకండి.

ప్రశ్న: కొత్తగా కురిసిన మంచు మీద మోడల్‌కు చిల్లులు పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: తెల్లటి నునుపు మీద జతపరచడానికి ఆనవాళ్లు దొరకవు. హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫు) కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి లాక్ చేయండి, రా ఫైళ్లు (కుదించని అసలు ఫొటోలు) తీయండి. మబ్బు కమ్మిన రోజు వద్దు. ఏటవాలు ఎండలో గాలి చెక్కిన గీతలు కనిపిస్తాయి.