తుమ్మ చెట్లకు కీ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఉదయగిరి, వింజమూరు మెట్టలోని ముళ్ల చెట్లకు నువ్వు రాసిన గుర్తింపు కీ (ఒక్కో జంట వాక్యాల్లో సరిపోయేదాన్ని ఎంచుకుంటూ పోతే చెట్టు పేరు తేలే పట్టిక) చదివాను. నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ, సర్కారు తుమ్మ, చండ్ర, జమ్మి, సీమచింత: ఎంపిక చక్కగా ఉంది. అయితే ఆరు చెట్లకు ఐదు జంట వాక్యాలు చాలు, నువ్వు ఎనిమిది రాశావు. ఏదో చెట్టు ఒకటికి మించిన చోట్ల తేలుతోందన్నమాట. కావాలని పెడితే తప్పు లేదు, తెలియకుండా పడితే చదివేవాడు తికమకపడతాడు.

అసలు చిక్కు మొదటి జంటలోనే ఉంది. పూలు బంతుల్లా ఉన్నాయా, కంకుల్లా ఉన్నాయా అని అడిగావు. శాస్త్రం ప్రకారం సరైన ప్రశ్నే. కానీ చెట్టు కింద నిలబడ్డవాడికి పువ్వు ఏడాది పొడుగునా దొరకదు. చేతికి అందేది ఒక రెమ్మ. కీ ఆ రెమ్మ కోసం రాయాలి. పువ్వు, కాయ ఉంటే సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఆకుతో మొదలుపెట్టు. ఆకు మొత్తానికి నాలుగే పత్రకాలు (ఆకులోని చిట్టి ఆకులు) ఉంటే సీమచింత, అక్కడితో అది పక్కకు పోతుంది. మిగిలినవాటికి ముల్లు ఎక్కడ పుట్టిందో చూడమను. కణుపుకీ కణుపుకీ మధ్య చెదురుమదురుగా ఉంటే జమ్మి. దసరాకు పూజించే చెట్టని రాశావు కదా, ఆ మాట వర్ణనలో ఉంచు, కీలో తీసెయ్. రెమ్మ మీద కనబడనిది కీలోకి రాకూడదు. కణుపు దగ్గరే ముల్లుంటే తర్వాతి జంట ఇలా ఉండాలి:

3. ముళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి: చండ్ర
3. ముళ్లు సూదుల్లా సూటిగా ఉంటాయి: 4 చూడండి

రెండు వాక్యాలూ ముల్లు గురించే, అదీ ఒకే లక్షణం గురించే చెబుతున్నాయి చూడు. నువ్వు ఒక వాక్యంలో ముల్లు, రెండోదాంట్లో ఆకు పెట్టావు. అప్పుడు రెండూ నిజమయ్యే చెట్టు ఎదురైతే దారి మూసుకుపోతుంది. ‘పొడుగు ముల్లు, పొట్టి ముల్లు’ అని కూడా వద్దు. ఎంతకంటే పొడుగు? స్కేలు పెట్టి కొలిచి సెంటీమీటర్లలో రాయి. అసలు నల్ల తుమ్మలో లేత కొమ్మల ముళ్లు బాగా పొడుగు, ముదిరిన చెట్టులో చాలా తక్కువ. అందుకే ముల్లు పొడవును నమ్ముకోవద్దనే నా సలహా. ఒంటి ముల్లా, జంట ముళ్లా అన్నదీ సర్కారు తుమ్మ దగ్గర పనిచేయదు. అందులో రెండూ కనిపిస్తాయి.

నాలుగో జంటకు ఆకు నడి ఈనె నుంచి చీలి, పత్రకాలను మోసే పక్క ఈనెలు లెక్కపెట్టించు. సర్కారు తుమ్మలో మామూలుగా ఒకటి రెండు జతలు, అప్పుడప్పుడు మూడు. నల్ల తుమ్మ, తెల్ల తుమ్మల్లో సాధారణంగా అంతకంటే ఎక్కువే. మూడు దగ్గర రెండు గుంపులూ కలుస్తాయి కనుక ఒక్క ఆకు చూసి తేల్చకూడదు. పది ఆకులు లెక్కించి, ఎక్కువ ఆకుల్లో ఎన్ని ఉన్నాయో చూడమని కీలోనే రాయి. పువ్వు దొరికితే ఇక సందేహం ఉండదు: సర్కారు తుమ్మవి వేలాడే కంకులు, నల్ల, తెల్ల తుమ్మలవి గుండ్రటి బంతులు.

ఆఖరి జంటకు బెరడు: నల్లగా, లోతుగా పగిలి ఉంటే నల్ల తుమ్మ, తెల్లగా ఉంటే తెల్ల తుమ్మ. లేత మొక్కలో ఈ తేడా తేలదు కాబట్టి కాయ గుర్తు కూడా కలుపు. నల్ల తుమ్మ కాయ గింజ గింజకూ మధ్య నొక్కుకుపోయి పూసల దండలా ఉంటుంది, తెల్ల తుమ్మది పలచగా, బల్లపరుపుగా ఉంటుంది.

శాస్త్రీయ నామాలు సరిచూసుకో. 2011 మెల్‌బోర్న్ వృక్షశాస్త్ర మహాసభ తర్వాత అకేసియా అనే ప్రజాతి (దగ్గరి చెట్ల గుంపు) పేరు ఎక్కువగా ఆస్ట్రేలియాలో పెరిగే చెట్లకే మిగిలింది. మన నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ వాచెల్లియా అనే ప్రజాతిలోకి, చండ్ర సెనెగాలియా అనే ప్రజాతిలోకి వెళ్లాయి. పాత కీలలో అకేసియా అనే ఉంటుంది, రెండు పేర్లూ పక్కపక్కన ఇవ్వు.

దిద్దాక ఈ చెట్ల పేర్లు తెలియనివాళ్లకు ఒక్కో రెమ్మా, నీ కాగితమూ ఇచ్చి నువ్వు నోరు విప్పకుండా చూడు. ఏ జంట దగ్గర ఆగి నీ ముఖం చూస్తారో ఆ జంట తిరగరాసి పంపు.

మీ అన్న